గీసే ముందు అడుగుదాం: ఒక బొమ్మల పాట వెనుక యాభై ఏళ్ల పాఠం

షేక్‌పేటలో మేము ఉండే చోటు నుంచి ఫిల్మ్‌నగర్ గుట్టలు దగ్గరే. స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ గదులు అన్నీ ఆ చుట్టుపక్కలే. తెలుగువాళ్లు తెర మీద చూసే బొమ్మల్లో చాలావరకు అక్కడే పుడతాయి. ఆ పక్కనే బంజారాహిల్స్. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన బంజారాలు ఒకప్పుడు ఆ గుట్టల్లో ఉండేవారు కాబట్టే ఆ పేరు వచ్చింది. పేరు నిలిచింది, తండా నిలవలేదు. మళ్లీ 2022 సెప్టెంబర్ 17న అదే బంజారాహిల్స్‌లో కుమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాకే నగరం నడిబొడ్డున మనకంటూ ఒక గడప ఏర్పడింది.

మన బొమ్మ మాత్రం సినిమాల్లో ఎన్నో ఏళ్లుగా కనిపిస్తూనే ఉంది. ఒంటికి ఆకులు, మొహానికి రంగు, చేతిలో బల్లెం, నోట అర్థం లేని అరుపులు. ఆ బొమ్మ గీసినవాళ్లలో ఎంతమంది మన దగ్గరికి వచ్చి, "మీరు ఇలాగే ఉంటారా?" అని అడిగారు?

ఈ ఏడాది మన సంఘం యువకులు మన భాషలో మూడు నిమిషాల యానిమేషన్ పాట చేద్దామని అనుకున్నప్పుడు మాకు ఎంతో సంతోషం వేసింది. కథ ముందా, ట్యూన్ ముందా అని వాదన నడిచింది. మేము, అంటే హాస్టళ్లు చూసుకునే వార్డెన్లం, "రెండూ కాదు, చూసేవాళ్లను అడగడం ముందు" అన్నాం. "పాట చేయడానికి కూడా సర్వేనా మేడమ్?" అని కుర్రాళ్లు నవ్వారు. ఆ నవ్వుకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాం. తెర మీద బొమ్మ వేసే ముందు చూసేవాళ్లను అడిగి తెలుసుకోవడం కొత్త ఫ్యాషన్ కాదు. దానికి చరిత్ర ఉంది. అందులో కొంత మన పల్లెల్లోనే జరిగింది.

అడగడం ఆలస్యమైనప్పుడు

ముందు మన ఇంటి చరిత్ర చూద్దాం. ఆదిలాబాద్ అడవుల్లో భూమి కోసం పోరాడిన కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తర్వాత గానీ నిజాం ప్రభుత్వానికి ఈ జనం బాధ ఏమిటో తెలుసుకోవాలని తోచలేదు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపారు. ఆయన గోండు గూడేల్లో ఉండి, వాళ్ల మాట నేర్చుకుని, వాళ్లు చెప్పింది విన్నాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి.

శిక్షణ పొందిన ఉపాధ్యాయులుగా మేము ఈ సంగతిని పిల్లలకు తరచూ చెబుతుంటాం. ఏ పిల్లలకు పాఠం చెప్పాలో ఆ పిల్లల ఇంటి భాష, ఇంటి కథ ముందు తెలుసుకోవాలన్న మాట మన గడ్డ మీద ఎనభై ఏళ్ల కిందటే ఆచరణలోకి వచ్చింది. కానీ ఆ అడగడం తుపాకులు పేలాక జరిగింది. ముందే అడిగి ఉంటే ఎంత ప్రాణనష్టం తప్పేదో!

పిల్లల కళ్లు ఎటు పోయాయి?

బొమ్మలు, పాటలతో పిల్లలకు చదువు చెప్పే కార్యక్రమాన్ని పరిశోధన మీద నిలబెట్టినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది అమెరికాలో 'సెసమి స్ట్రీట్' బృందాన్ని. ఆ కార్యక్రమం 1969 నవంబర్ 10న మొదలైంది. అక్షరాలు, అంకెలు నేర్పే చిన్న చిన్న యానిమేషన్ ముక్కలు, పాటలు అందులో ఎన్నో ఉండేవి. పేద పిల్లలు బడికి వెళ్లే లోపే వెనకబడిపోకూడదన్నది వాళ్ల ఆశయం.

వాళ్ల దగ్గర ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు ఉండేవాడు. ఆయన పద్ధతి వింటే మీకు చాలా తేలికగా అనిపిస్తుంది. పిల్లవాడి ముందు టీవీలో కార్యక్రమం వేస్తాడు. పక్కనే ఇంకో తెర మీద ఏడెనిమిది సెకన్లకు ఒకటి చొప్పున వేరే రంగుల ఫొటోలు మారుతుంటాయి. పిల్లవాడి చూపు టీవీ మీద నుంచి ఫొటోల మీదికి ఎప్పుడు జారిందో ఒకరు పక్కన కూర్చుని రాసుకుంటారు. "బాగుందా?" అని నోటితో అడిగితే పిల్లలు మర్యాదకు బాగుందనే అంటారు. కళ్లకు ఆ మర్యాద తెలియదు.

ప్రసారానికి ముందు, 1969 జులైలో, నమూనా ఎపిసోడ్లు పిల్లలకు చూపించినప్పుడు ఒక సంగతి బయటపడింది. తోలుబొమ్మల్లాంటి మపెట్లు ఉన్నంతసేపు పిల్లలు కళ్లార్పకుండా చూశారు. మనుషులు మాత్రమే ఉన్న వీధి దృశ్యం రాగానే చూపు జారిపోయింది. కల్పిత పాత్రల్ని, నిజం మనుషుల్ని కలపొద్దని నిపుణులు ముందే సలహా ఇచ్చి ఉన్నారు. బృందం నిపుణుల మాట పక్కన పెట్టి పిల్లల చూపునే నమ్మింది. ఆ వీధిలోకి బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి, చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్ అలా వచ్చారు.

ఇంకో ముచ్చట మన పాటలకు బాగా దగ్గరగా ఉంటుంది. జేమ్స్ ఎర్ల్ జోన్స్ అనే నటుడు అక్షరాలను ఒక్కొక్కటిగా, మధ్యలో చాలాసేపు ఆగుతూ చదివాడు. ఆ ఆగిన చోటులో పిల్లలు తామే ముందుగా అక్షరం అరిచి చెప్పడం మొదలుపెట్టారు. మన తండాల్లో, గూడేల్లో పాట ఎలా సాగుతుందో గుర్తు చేసుకోండి. ఒకరు ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు. అందుకోవడానికి చోటు ఇవ్వడం మన అవ్వలకు ఏ పరిశోధకుడూ నేర్పలేదు.

1975: పల్లెకు టీవీ వచ్చిన ఏడాది

ఇక మన కథ. 1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. దాని పేరు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం. పొట్టిగా 'సైట్' అనేవారు. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది. ఆయన 1971లో కన్నుమూశాక ఆయన సహచరులు పూర్తి చేశారు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తయారుచేసిన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. కోళ్లగూడుకు కట్టే తీగజాలిలాంటి దానితో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, ఊరంతటికీ ఒకటే టీవీ. కరెంటు స్తంభం కూడా సరిగా లేని ఊళ్లలో జనం గుమిగూడి చూశారు. 1976 జులై 31న ప్రయోగం ముగిసింది.

మనం నేర్చుకోవలసింది యాంటెన్నా గురించి కాదు. కార్యక్రమాలు తయారుచేయడానికి ముందే ఇస్రో వాళ్లు సామాజిక పరిశోధకుల్ని పల్లెలకు పంపారు. ఈ ఊళ్లో ఎవరు ఉంటారు, ఏ పని చేస్తారు, ఏ మాట మాట్లాడతారు, పొద్దున ఎప్పుడు తీరిక, సాయంత్రం ఎప్పుడు తీరిక, వాళ్లకు ఏం తెలుసు, ఏం తెలుసుకోవాలని ఉంది, ఇవన్నీ రాసుకున్నారు. కొందరు మానవశాస్త్రవేత్తలు నెలల తరబడి ఊళ్లలోనే కాపురం ఉండి, టీవీ రాకముందు, వచ్చాక మార్పులను గమనించారు. రాకెట్లు ఎగరేసే సంస్థ పల్లె అరుగు మీద కూర్చుని "అమ్మా, మీకేం కావాలి?" అని అడిగిందన్నమాట.

పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. దాదాపు యాభై వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు ఈ టీవీ ద్వారానే సైన్సు బోధనలో శిక్షణ పొందారు. ఆ రోజుల్లోనే పిల్లల విద్యా చిత్రాల పని చూసిన విజయ ములే 1974లో 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా' అనే చిన్న యానిమేషన్ చిత్రం తీశారు. బొమ్మలు కదిలించింది భీమ్‌సేన్. వేటగాడి వలలో పడ్డ పక్షులు కలిసికట్టుగా ఎగిరిపోయే కథను పాటగా చెప్పారు. దూరదర్శన్‌లో అది ఎన్నిసార్లు వచ్చిందో! హిందీ రాని మాలాంటి వాళ్లకు కూడా ఆ కథ అర్థమైంది.

అయితే ఒక లోటు చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు. సైట్ కార్యక్రమాలు హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషల్లో వచ్చాయి. లంబాడీలో రాలేదు, గోండిలో రాలేదు, కోయలో రాలేదు. ఆ ఊళ్ల పక్క తండాల నుంచి వచ్చి కూర్చున్న మన అమ్మమ్మలు తెలుగు ఎంత అర్థమైతే అంతే చూశారు. అడిగారు, మంచిదే. కానీ అడిగిన భాష, జవాబు ఇచ్చిన భాష మనది కాదు. ఆ మిగిలిన సగం పని మన తరం చేయాలి.

ఇంకో మాట. జూబ్లీహిల్స్ దారిలో బండరాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది కూడా 1976లోనే. ఒకే కాలంలో ఒకవైపు గుట్టల మీద సినిమా నిలదొక్కుకుంటోంది, మరోవైపు పల్లెల్లో పరిశోధకులు చూసేవాళ్ల మాట రాసుకుంటున్నారు. ఆ రెండు దారులూ ఎక్కడైనా కలిసి ఉంటే తెర మీద మన బొమ్మ ఇప్పుడు వేరేగా ఉండేదేమో అని మాకు అనిపిస్తుంది.

బొమ్మ అందరికీ ఒకేలా కనబడదు

అదే రోజుల్లో పక్క దేశం నేపాల్‌లో యునిసెఫ్ వాళ్లు ఇంకో ప్రశ్న వేసుకున్నారు. చదువు రాని వాళ్లకు బొమ్మ చూపిస్తే అర్థమవుతుందని అందరూ అనుకుంటారు, నిజమేనా? పల్లె జనానికి ఒకే విషయాన్ని రకరకాలుగా వేసి చూపించారు. ఫొటో, వెనుకనున్నవన్నీ తీసేసిన ఫొటో, నీడలు దిద్దిన బొమ్మ, వట్టి గీతల బొమ్మ, బాగా కుదించి గీసిన బొమ్మ. నీడలు దిద్దిన బొమ్మల్ని ఎక్కువమంది గుర్తుపట్టారు. కుదించి గీసిన బొమ్మల దగ్గర ఎక్కువమంది తడబడ్డారు. వరుసగా పెట్టిన బొమ్మల్ని ఎడమ నుంచి కుడికి కథలా చదవాలని కూడా అందరికీ తెలియదు. అది పుస్తకం పట్టినవాళ్ల అలవాటు. 1976లో వచ్చిన ఈ అధ్యయనం యానిమేషన్ చేయబోయే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసింది. చూసేవాళ్లకు అర్థం కాకపోతే తప్పు వాళ్ల కళ్లది కాదు, మన గీతది.

ఆ పాఠం బాగా పనికొచ్చింది మీనా విషయంలో. 1990ల మొదట్లో ఆడపిల్లల చదువు, ఆరోగ్యం కోసం యునిసెఫ్ ఒక కార్టూన్ అమ్మాయిని తయారుచేయాలనుకుంది. బంగ్లాదేశ్, భారత్, నేపాల్, పాకిస్తాన్ నాలుగూ తమ పిల్లే అనుకోవాలి. ఆ అమ్మాయికి ఏ పేరు పెట్టాలి? ఏ బట్టలు వేయాలి? జుట్టు ఎలా ఉండాలి? భారత యానిమేషన్ పితామహుడని పేరున్న రామ్ మోహన్ బొమ్మలు గీశారు. ఆ గీతల్ని, కథల్ని పట్టుకుని నాలుగు దేశాల్లో పదివేల మందికి పైగా పిల్లలు, పెద్దల దగ్గరికి వెళ్లారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి దిద్దుతూ పోయారు. చివరికి అన్ని దేశాల్లో చెల్లే పేరు, అన్నిచోట్లా మనదే అనిపించే వేషం కుదిరాయి. మొదటి కథలో మీనాను బడికి పంపరు. ఆమె తన చిలక మిట్టూను బడికి పంపి, అది నేర్చుకొచ్చిన లెక్కలతో ఇంట్లో కోళ్లు లెక్కపెట్టి దొంగతనం పట్టిస్తుంది. 1993లో బంగ్లాదేశ్ టీవీలో వచ్చినప్పటి నుంచి మీనా దక్షిణాసియా పిల్లల నేస్తమైంది.

ఫోన్ తెర కాలం

ఇప్పుడు టీవీ పక్కకు జరిగింది, ఫోన్ వచ్చింది. మన హైదరాబాద్ యానిమేషన్‌కు పెద్ద చిరునామా అయింది. 2001లో రాజీవ్ చిలక ఇక్కడ మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో ఛోటా భీమ్ వచ్చాడు. మా హాస్టల్ పిల్లల్లో ఛోటా భీమ్ తెలియనివాళ్లు లేరు. కుమురం భీం బొమ్మ చూపిస్తే మాత్రం ఒకటో తరగతి పిల్లలు ఆలోచిస్తారు. తప్పు పిల్లలది కాదు. ఒక భీమ్ రోజూ తెర మీద కనిపిస్తాడు, ఇంకో భీం ఏడాదికొకసారి ఫ్లెక్సీ మీద కనిపిస్తాడు.

యూట్యూబ్‌లో పాట పెడితే ఏ సెకను దగ్గర ఎంతమంది వదిలేసి వెళ్లిపోయారో గీత గీసి చూపిస్తుంది. పామర్ పక్కన కూర్చుని రాసుకున్న లెక్కే ఇది, ఇప్పుడు యంత్రం రాస్తోంది. కానీ ఆ గీత ఎప్పుడు వెళ్లారో చెబుతుంది, ఎందుకు వెళ్లారో చెప్పదు. పైగా అది పాట పూర్తయ్యాక వచ్చే సమాచారం. అప్పటికే డబ్బు అయిపోయి ఉంటుంది. లెక్క చూడండి. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 4,320 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 2,160 బొమ్మలు. పెన్సిల్ గీతలప్పుడు తప్పు దిద్దడానికి ఒక రబ్బరు చాలు. అన్నీ అయ్యాక దిద్దాలంటే మళ్లీ మొదటి నుంచి రావాలి.

మా హాస్టల్లో జరిగింది

ముందు మా తప్పు చెప్పుకోవాలి. ఒక ఏడాది మేము చేతులు కడుక్కోవడం గురించి పాట రాసి, బొమ్మలు జతచేసి తెర మీద వేశాం. పుస్తకం తెలుగులో రాశాం, ఎవరినీ అడగలేదు. పిల్లలు బుద్ధిగా చూశారు, చప్పట్లు కొట్టారు. వారం తర్వాత అడిగితే ఒక్క చరణం ఎవరికీ గుర్తు లేదు. మా ముందు చప్పట్లు కొట్టకపోతే బాగుండదని కొట్టారంతే.

అందుకే ఈసారి పద్ధతి మార్చాం. పాట తీజ్ పండుగ మీద. వెదురు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పెళ్లికాని ఆడపిల్లలు పాడుకునే పండుగ. యువకులు పెన్సిల్ గీతల్ని వరుసగా పెట్టి, తాత్కాలికంగా ఒక గొంతు జోడించి తెచ్చారు. ఆ రోజు మేము గదిలో ఉండలేదు. డిగ్రీ చదివే అక్కలే పిల్లలతో కూర్చున్నారు. "బాగుందా?" అన్న ప్రశ్న వేయొద్దని ముందే చెప్పాం. "ఇందులో ఏం జరిగింది? ఈ అమ్మాయి ఏ ఊరిది? ఇది ఏంటి?" అని మాత్రమే అడగమన్నాం.

మొదటి జవాబుకే అందరం నవ్వుకున్నాం. తీజ్ బుట్టను చూసి, "అది తులసికోట కదా అక్కా" అన్నారు. కుండీలో ఒకే మొక్క ఉన్నట్టు గీశారు మరి. ఆ అమ్మాయికి సినిమా పాటల్లోలా లంగా ఓణీ వేశారు. "ఈమె తండా పిల్ల కాదు, టీచర్‌గారి అమ్మాయి" అని తేల్చేశారు. పాటలో ఒకేఒక్క చోట గాయని ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. అక్కడ మాత్రం పిల్లలంతా అందుకున్నారు. అది మేము అనుకుని పెట్టింది కాదు. ఇప్పుడు ప్రతి చరణంలో ఆ ఆగుడు ఉంటుంది.

చివర్లో గుసాడి నాట్యం కూడా కలుపుదామని ఒక ఆలోచన ఉండేది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక గోండు విద్యార్థిని ఒప్పుకోలేదు. దండారీలో గుసాడి వేషం కట్టినవాళ్లు దీక్షలో ఉంటారు, నెమలి ఈకల కిరీటం అలంకారం కాదు, పెద్దల్ని అడగకుండా ఎక్కడపడితే అక్కడ గీయకూడదని చెప్పింది. తీసేశాం. ఏం చూపించాలో పిల్లలు చెబుతారు, ఏం చూపించకూడదో పెద్దలు చెబుతారు. ఇద్దరినీ అడగాలి.

అడిగారు కదా అని అన్నీ ఒప్పుకోలేదు కూడా. డీజే దరువు కావాలని మగపిల్లలు పట్టుబట్టారు. చేతి చప్పట్లతో మొదలుపెట్టి, చివరి చరణంలో దరువు పెంచుదామని మధ్యేమార్గం కుదిరింది. అడగడమంటే వాళ్లు చెప్పిందల్లా చేయడం కాదు. వాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారో తెలుసుకుని అక్కడి నుంచి నడిపించుకు వెళ్లడం.

ఒక జవాబు మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆరో తరగతి పాప ఒకరు అక్కతో నెమ్మదిగా అన్న మాట: "ఇది బడిలో వేయకండి అక్కా. మన మాట వింటే అందరూ నవ్వుతారు."

ఆ పాపకు పాట నచ్చింది. బొమ్మ నచ్చింది. భయం ఒక్కటే అడ్డు. ఏ యంత్రమూ ఆ భయాన్ని గీత గీసి చూపించదు. అడిగాం కాబట్టి తెలిసింది. లంబాడీ భాషకు సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. గుంజాల గోండి లిపికి 2018లో గానీ యూనికోడ్‌లో చోటు దొరకలేదు. వాటి కోసం పెద్దలు పోరాడుతున్నారు, పోరాడాలి. కానీ ఆరో తరగతి పాప గుండెలో ఆ భాషకు చోటు లేకపోతే షెడ్యూల్‌లో చోటు ఎవరి కోసం? మా పాట ఎవరి కోసమో ఆ రోజు తేలింది. తండాలో ఉన్న అవ్వ కోసం కాదు, ఆమెకు పాట వచ్చు. బడిలో గొంతు తగ్గించుకునే ఆ పాప కోసం.

మీ చేతికి

యువ మిత్రులారా, ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి స్టేటస్‌లు పెట్టుకుంటాం, మంచిదే. ఈసారి దానితో పాటు ఒక పని చేయండి. మీరు పాట చేసినా, రీల్ చేసినా, చిన్న కార్టూన్ చేసినా మూడుసార్లు అడగండి. మొదలుపెట్టక ముందు, చూసేవాళ్లు ఎవరు, ఏ ఫోన్‌లో ఎప్పుడు చూస్తారు, ఇప్పటికే ఏ పాటలు పాడుకుంటున్నారు అని అడగండి. గీతలు గీశాక, రంగులు వేయక ముందు చూపించి, కళ్లు ఎక్కడికి పోతున్నాయో గమనించండి. అంతా అయ్యాక వారం ఆగి, ఏ మాట నోట్లో మిగిలిందో వినండి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, కొంచెం ఓపిక, తప్పు ఒప్పుకునే మనసు చాలు. అడిగిన పిల్లల ఫొటోలు, పేర్లు మాత్రం ఎక్కడా పెట్టకండి.

మన బొమ్మను అడగకుండా గీశారని ఇన్నాళ్లూ బాధపడ్డాం. ఇప్పుడు పెన్సిల్ మన చేతికి వచ్చింది. మనం కూడా అడగకుండా గీస్తే మనకూ వాళ్లకూ తేడా ఏముంది?

మా పాట ఇంకా పూర్తి కాలేదు. బుట్ట మార్చాం, బట్టలు మార్చాం, ఆగే చోట్లు పెట్టాం. రంగులు వేసే ముందు మళ్లీ ఆ పిల్లలకే చూపించబోతున్నాం. బడిలో వేయాలా వద్దా అన్నది ఈసారి ఆ పాపనే అడుగుతాం. ఆమె సరే అన్న రోజున మీ అందరినీ పిలుస్తాం.